తిండి నాణ్యతను దేనితో కొలవాలి? దక్షిణ ఒడిశా తెలుగు ఊళ్లలో సర్వే చేసేవారికి పద్ధతుల పోలిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల జనం ఏం తింటున్నారో లెక్కతీయాలనుకునేవారు చాలామందే ఉన్నారు: స్వచ్ఛంద సంస్థల సిబ్బంది, మహిళా సంఘాల కార్యకర్తలు, పీజీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు. అందరూ ముందు అడిగేది "ఏ ఫారం వాడాలి?" అనే. దానికంటే ముందు తేలాల్సింది, వచ్చిన అంకెతో ఏం నిర్ణయం తీసుకోబోతున్నారన్నది. పెరటి తోటల పథకం పనిచేసిందో లేదో తేల్చడానికి సరిపోయే కొలత, షుగర్ ఉన్న మనిషి పళ్లెం సరిదిద్దడానికి పనికిరాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే ఎక్కువ సర్వేలు పాడవుతాయి.

## ముందు తేల్చుకోవలసినవి

ఎవరి తిండి? ఇల్లంతా కలిపి కొలిస్తే ఇంట్లో ఆడమనిషికి ఏం మిగిలిందో తెలియదు. కోడికూర వండిన రోజు ముక్కలు ఎవరి కంచంలో పడ్డాయన్నది ఇంటి లెక్కలో కనిపించదు.

ఏ లోపం వెతుకుతున్నారు? ఇనుము, విటమిన్ ఎ, జింక్ లాంటి సూక్ష్మపోషకాల కొరత ఒక సమస్య. తెల్లన్నం, తీపి, బజారు వేపుళ్లు ఎక్కువై వచ్చే షుగర్, గుండెజబ్బు ఇంకొకటి. బరంపురం లాంటి పట్టణంలో ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి. చాలా కొలమానాలు మాత్రం మొదటిదాన్నే చూస్తాయి.

పరిమాణం కావాలా? "తిన్నారా, లేదా" అని అడగడానికి అయిదు నిమిషాలు చాలు. "ఎంత" అని అడిగితే గిన్నెలు, తూకం, శిక్షణ అన్నీ కావాలి.

లెక్క ఎవరు చేస్తారు? ఫారాలు నింపడం సులువే. పోషకాల పట్టికతో లెక్కకట్టే మనిషి లేక, నింపిన ఫారాలు బీరువాలో ఉండిపోతాయి.

| పద్ధతి | ఎవరి గురించి | ఎన్ని రోజుల తిండి | పరిమాణం | ఒక్కరికి సమయం | షుగర్, బీపీ కోణం |
|---|---|---|---|---|---|
| ఎండీడీ-డబ్ల్యూ (స్త్రీల కనీస ఆహార వైవిధ్యం) | 15–49 ఏళ్ల స్త్రీలు (సమూహంగా) | నిన్నటి పగలు, రాత్రి | 15 గ్రాముల కనీసం మాత్రమే | 10 నిమిషాల లోపు | లేదు |
| డీక్యూక్యూ (డైట్ క్వాలిటీ క్వశ్చనేర్) | పెద్దవాళ్లు (సమూహంగా) | నిన్న | లేదు | సుమారు 5 నిమిషాలు | ఉంది |
| జీడీక్యూఎస్ (గ్లోబల్ డైట్ క్వాలిటీ స్కోర్) | పెద్దవాళ్లు (సమూహంగా) | నిన్న | వర్గానికి ఉజ్జాయింపుగా | 10–15 నిమిషాలు | ఉంది |
| ఎఫ్‌సీఎస్ (ఫుడ్ కన్సంప్షన్ స్కోర్) | ఇల్లు | గత 7 రోజులు | లేదు | 5–10 నిమిషాలు | లేదు |
| 24 గంటల రీకాల్ (నిన్న తిన్నదంతా గుర్తుచేసి చెప్పించడం) | ఎవరైనా | నిన్న (కొందరికి రెండుసార్లు) | గ్రాముల్లో | 30–60 నిమిషాలు | లెక్కకడితే ఉంది |

## ఎండీడీ-డబ్ల్యూ: పది వర్గాలు, కనీసం అయిదు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2016లో మార్గదర్శిని ఇచ్చి 2021లో సవరించిన కొలమానం ఇది. తిండిని పది వర్గాలు చేస్తారు: గింజధాన్యాలు–తెల్ల దుంపలు–అరటికాయ ఒక వర్గం, పప్పులు, గింజలు (వేరుశనగ, నువ్వులు), పాలు–పెరుగు, మాంసం–చేప, గుడ్లు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, విటమిన్ ఎ ఉన్న ఇతర పండ్లు–కూరలు, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. నిన్న వీటిలో అయిదో, అంతకంటే ఎక్కువో తిన్న స్త్రీలు నూటికి ఎంతమందో అదే ఫలితం. 11 సూక్ష్మపోషకాలు తగినంత అందే అవకాశానికి ఇది గుర్తు. అవకాశం మాత్రమే, పోషకాల కొలత కాదు.

"నీకు నాలుగే వచ్చాయి, నీకు రక్తహీనత" అని ఒక మనిషితో చెప్పడానికి ఇది పనికిరాదు. నిన్న శ్రాద్ధమో, జ్వరమో, ఉపవాసమో ఉండొచ్చు. ఆ ఒడిదుడుకులు వందమంది సగటులో సర్దుకుంటాయి గాని ఒక్క మనిషి లెక్కలో సర్దుకోవు.

తప్పులన్నీ వర్గం వేసేచోట జరుగుతాయి. మన వైపు వంటలకు సంబంధించి సర్వే మొదలుపెట్టకముందే తీర్మానించుకోవలసినవి ఇవి.

*దాల్మా.* పప్పుకు పప్పుల వర్గం. అందులోని పచ్చి బొప్పాయి, వంకాయ కలిపి "ఇతర కూరగాయలు", ఒక్కటే వర్గం. అరటికాయకు, ఆలుగడ్డకు కొత్త మార్కు ఉండదు. అవి అన్నం వర్గంలోవే. ఎర్ర గుమ్మడి ముక్కలు 15 గ్రాములు దాటితే విటమిన్ ఎ వర్గం. అంటే ఒక గిన్నె దాల్మాకు రెండో మూడో వర్గాలు వస్తాయి. కూరగాయలు అయిదు రకాలు వేశారని అయిదు మార్కులు వేసే ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వెళ్లి ఫారం నింపే మనిషి) ప్రతి బృందంలోనూ ఒకరుంటారు.

*పఖాళ, చద్దన్నం.* గింజధాన్యాల వర్గమే. పక్కన నంజుకునే వడియాల పొడి, రెండు నెత్తళ్లు, పచ్చిమిరప, ఉల్లి ముక్క సాధారణంగా 15 గ్రాములకు రావు. 15 గ్రాములంటే సుమారు పెద్ద చెంచాడు. ఎండుచేపల కూర వండుకుని తింటే లెక్క. చట్నీలో నూరితే లెక్క కాదు.

*టీ.* పాలెక్కువ పోసి కాచే టీలో 15 గ్రాములకు మించి పాలుంటాయి, నీళ్ల టీలో ఉండవు. ఒక ఎన్యూమరేటర్ పాలు రాసి, ఇంకొకరు రాయకపోతే ఊరికీ ఊరికీ మధ్య తేడా టీ వల్లే వస్తుంది. టీకి పాల మార్కు వేయాలో వద్దో ముందే ఒక నియమం రాసుకుని అందరూ దాన్నే పాటించాలి.

*పండినదా, పచ్చిదా.* మామిడిపండుకు, బొప్పాయిపండుకు విటమిన్ ఎ వర్గం. పచ్చి మామిడికి, కూర బొప్పాయికి ఆ మార్కు లేదు. బూడిదగుమ్మడి, సొర "ఇతర కూరగాయలే". చిలగడదుంప లోపల నారింజ రంగుంటే విటమిన్ ఎ, తెల్లగా ఉంటే అన్నం వర్గం. కోసి చూడలేరు కాబట్టి రంగు అడగాలి.

*మునగ.* ఆకు ఆకుకూరల్లోకి, కాయ ఇతర కూరగాయల్లోకి. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు కూడా ఇతర కూరగాయలే.

జాబితా చదివి "తిన్నారా" అని అడిగితే మర్యాదకోసం అవును అనేవాళ్లుంటారు, సంఖ్య పెరుగుతుంది. నిన్న నిద్ర లేచినప్పటినుంచి చెప్పమని అడిగి మీరే వర్గాలు వేసుకుంటే నమ్మకం ఎక్కువ, శిక్షణ కూడా ఎక్కువే కావాలి. బేస్‌లైన్‌లో (పథకానికి ముందు సర్వే) ఏది వాడితే ఎండ్‌లైన్‌లోనూ (పథకం చివర సర్వే) అదే వాడాలి.

ఈ కొలమానానికి మన ప్రాంతంలో పెద్ద లోపం ఒకటుంది. తెల్లన్నం, చోడి అంబలి ఒకే వర్గం. ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైన జిల్లాల్లో రాయగడ, గజపతి, కోరాపుట్ ఉన్నాయి. అక్కడ ఒక ఇల్లు అన్నం తగ్గించి మాండియా (చోడి) జావుకు మారినా ఎండీడీ-డబ్ల్యూ అంకె కదలదు. భారత ఆహార పోషక విలువల పట్టిక (హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, 2017) ప్రకారం 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పదికీ రాదు. చిరుధాన్యాల పథకాన్ని ఎండీడీ-డబ్ల్యూతో మూల్యాంకనం చేసి "ఫలితం లేదు" అని రాస్తే ఆ పథకానికి అన్యాయం చేసినట్టే.

పసిపిల్లలకు దీన్ని వాడకూడదు. 6–23 నెలల పిల్లలకు ఎనిమిది వర్గాల్లో అయిదు అన్న వేరే కొలమానం ఉంది. తల్లిపాలు అందులో ఒక వర్గం, 15 గ్రాముల నియమం ఉండదు. అంగన్‌వాడీ ఛతువా (గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెర) పిల్లల లెక్కలో రెండు వర్గాలిస్తుంది. పప్పులూ గింజలూ అక్కడ కలిసే ఉంటాయి. తల్లి అదే తింటే వేరుశనగకు విడిగా మార్కు రావాలంటే అది 15 గ్రాములుండాలి. ప్యాకెట్ మీది పాళ్లు చూసి తేల్చుకోవాలి.

## డీక్యూక్యూ: ఎక్కువమందికి ఇదే చాలు

29 ఆహార వర్గాలకు అవును–కాదు ప్రశ్నలు. వంద దేశాలకు పైగా స్థానిక ఆహారాల పేర్లతో సిద్ధం చేశారు, భారత్‌కూ ఉంది. ఎండీడీ-డబ్ల్యూ దీనిలోంచే లెక్కకట్టొచ్చు. దానికి తోడు రక్షించే ఆహారాలకు 0–9, హానిచేసే ఆహారాలకు 0–9 స్కోర్లు విడిగా వస్తాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి 9 కలిపితే 0–18 మధ్య ఒకే స్కోరు. ఆ ఒక్క అంకెనే రిపోర్టులో పెట్టకండి. రెండు స్కోర్లూ విడిగా చూపితేనే, కూరలు తక్కువా, శీతల పానీయాలు ఎక్కువా అన్నది తేలుతుంది. పొట్టుతీయని ధాన్యానికి విడి ప్రశ్న ఉంది, కనుక మాండియా ఇక్కడ కనబడుతుంది.

మనవాళ్లు దీన్ని పాడుచేసే తీరు ఒకటే: జాబితాలో లేని మన ఆకుకూరలను, అడవి పండ్లను కలిపేయడం. ఎక్కువమంది తినే కొన్ని గుర్తు ఆహారాలతోనే వర్గం పట్టుబడేలా ఆ ప్రశ్నలు కట్టారు. మీరు పేర్లు పెంచితే ఇతర జిల్లాలతో పోల్చలేరు. అదే ఆహారాన్ని జవాబిచ్చే మనిషి వాడే పేరుతో, తెలుగులోనో ఒడియాలోనో సవర భాషలోనో అడగడం మాత్రం తప్పు కాదు, తప్పనిసరి.

పరిమాణం అడగదు కాబట్టి చెంచా పప్పుచారు తాగినా, గిన్నెడు పప్పు తిన్నా ఒకటే. బీదరికం ఎక్కువున్న ఊళ్లలో ఇది చిన్న లోపం కాదు.

## జీడీక్యూఎస్: ఎంత అన్నదీ కావాలంటే

2021లో వచ్చిన ఈ స్కోరులో 25 వర్గాలు: 16 మేలుచేసేవి, 7 కీడుచేసేవి, 2 మితిమీరితే కీడుచేసేవి (రెడ్ మీట్, కొవ్వెక్కువ పాల పదార్థాలు). మొత్తం 0–49. 23, ఆపైన ఉంటే ముప్పు తక్కువ, 15 నుంచి 23 లోపు మధ్యస్థం, 15 లోపు ఎక్కువ. పోషక లేమినీ, షుగర్–గుండెజబ్బు ముప్పునూ ఒకే కొలతలో పట్టుకోవడం దీని లక్ష్యం. ఒక్కో వర్గంలో నిన్న తిన్నదంతా కలిపితే ఏ ఘనం అంత వచ్చిందో, వేర్వేరు సైజుల పది ఘనాలు చూపించి అడుగుతారు. గ్రాములు లెక్కపెట్టే పని తప్పుతుంది.

తెల్లన్నం ఇందులో కీడు వర్గం, చోళ్లూ జొన్నరొట్టే మేలు వర్గం. బజారులో కొన్న బరా, పియాజీ, సమోసా ఒక కీడు వర్గం. ఇంట్లో వేయించినవి అందులోకి రావు. పండ్ల రసం కూడా కీడు వర్గమే అంటే చాలామంది ఒప్పుకోరు, ఎన్యూమరేటర్లకు ముందే చెప్పాలి. ద్రవరూప నూనెలు మేలు వర్గంలో ఉన్నాయి, కాబట్టి నూనె ఎక్కువ పోసే వంట ఇక్కడ పట్టుబడదు. ఉప్పు సంగతీ అంతే.

మూడుపూటలా అన్నమే తినే మనిషికి, ఘనాలతో అన్నం పరిమాణం చెప్పడం కష్టం. పఖాళలో నీళ్లు వంపేసిన అన్నం మాత్రమే చూపించమనాలి. ఒక రోజు శిక్షణలో సగం పూట దీనికే పోతుంది, పోనివ్వండి.

## ఎఫ్‌సీఎస్: కరువు పట్టుకోవడానికి

ప్రపంచ ఆహార కార్యక్రమం వాడేది. గత ఏడు రోజుల్లో ఒక్కో వర్గం ఎన్ని రోజులు తిన్నారో అడిగి గుణిస్తారు: గింజధాన్యాలు 2, పప్పులు 3, కూరలు 1, పండ్లు 1, మాంసం–చేప–గుడ్డు 4, పాలు 4, చక్కెర 0.5, నూనె 0.5. 21 వరకు నాసి, 35 వరకు అంతంతమాత్రం, పైన పర్వాలేదు.

ఇక్కడ ఒక లెక్క చేసి చూడండి. అన్నం రోజూ (14), నూనె రోజూ (3.5), టీలో చక్కెర రోజూ (3.5): అప్పుడే 21. రోజూ ఏదో ఒక కూర తోడైతే 28. పప్పు, గుడ్డు, పాలు ముట్టని ఇల్లు "అంతంతమాత్రం"లో పడిపోతుంది. నూనె, చక్కెర రోజువారీ వాడకమున్న చోట్ల హద్దులను 28, 42గా మార్చుకోమన్నది అందుకే. మన జిల్లాల్లో ఆ పెద్ద హద్దులే వాడాలి. తుపాను తరవాత సహాయం ఎవరికివ్వాలో తేల్చడానికి ఇది బాగా పనిచేస్తుంది. ఆరోగ్యంతో ముడిపెట్టడానికి వద్దు.

## 24 గంటల రీకాల్: కష్టం, ఖర్చు, నిజమైన గ్రాములు

ఇంత ఇనుము, ఇంత ప్రొటీన్ అని చెప్పాలంటే ఈ పద్ధతుల్లో దీనికి మించింది లేదు. ముందు తిన్నవన్నీ గబగబా చెప్పించడం, మర్చిపోయినవి గుర్తుచేయడం, వేళలు, వివరం–పరిమాణం, చివరగా మళ్లీ ఒకసారి: అయిదు దఫాలు. మర్చిపోయేవి ఎప్పుడూ అవే. టీ, బిస్కెట్టు, పొలంలో తిన్న జామకాయ, తోటలో కోసుకున్న పనసతొన. దాచేవి వేరు: జీలుగు కల్లు, ఇప్పసారా. పక్కన అత్తగారుంటే ఆ జవాబు రాదు.

అంబలిని గ్లాసుల్లో రాసి వదిలేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఆ ఇంట్లో ఎంత పిండి పోశారో తూచి, చివరకు ఎంత అంబలి అయిందో కొలవాలి. 100 గ్రాముల పిండికి 1.2 లీటర్లు అయితే 300 మి.లీ. గ్లాసులో పిండి 25 గ్రాములే. పక్కింట్లో చిక్కగా కాస్తే దానికి రెట్టింపు. చారు, పప్పు, పఖాళ అన్నింటికీ ఇదే పద్ధతి. కూరకు వండేముందు తూకం, వండాక మొత్తం తూకం, తిన్న వాటా.

ఒక్కరోజు లెక్కతో మనిషి అలవాటు తేలదు. కనీసం కొంతమందికైనా వరసగా కాని రెండో రోజు అడిగితేనే అలవాటు తిండిని గణాంకాలతో అంచనా వేయగలరు. అది వదిలేస్తే చాలా తక్కువ తినేవారు, చాలా ఎక్కువ తినేవారు ఇద్దరూ ఉన్నదానికంటే ఎక్కువమంది కనిపిస్తారు. ఇంత పనికి మనుషులు లేని సంస్థ దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఆహార పౌనఃపున్య ప్రశ్నావళి (ఎఫ్‌ఎఫ్‌క్యూ) నెలలు, ఏడాది అలవాటును అడుగుతుంది, జబ్బులతో సంబంధం వెతికే పెద్ద పరిశోధనలకు అది నప్పుతుంది. మన ప్రాంతపు వంటలతో పరీక్షించి నిగ్గుతేల్చిన జాబితా చేతిలో లేకపోతే ఎంఎస్సీ విద్యార్థి కొత్తది తయారుచేసుకోవడం ఏడాది పని. అమెరికా మార్గదర్శకాల మీద కట్టిన హెల్దీ ఈటింగ్ ఇండెక్స్‌ను ఇక్కడికి తెచ్చి వాడే ప్రాజెక్టులు కనిపిస్తుంటాయి. ఎందుకో అర్థం కాదు.

## సర్వే కాదు, మా ఇంటి సంగతే కావాలంటే

పై స్కోర్లేవీ వద్దు. నెల సరుకులు తూచండి. ఐసీఎంఆర్–ఎన్ఐఎన్ (హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ) 2024 మార్గదర్శకాల్లో 2000 కిలోకేలరీల పళ్లేనికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మి.లీ., నూనె–కొవ్వు 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో 27 గ్రాముల చొప్పున రోజుకు 108 గ్రాముల నూనె. లీటరు సుమారు 910 గ్రాములు, అంటే ఎనిమిది రోజులు రావాలి. అయిదు రోజులకే ప్యాకెట్ కోస్తున్నారంటే లెక్క మీకే తెలుస్తుంది. పప్పు నెలకు పది కిలోలు రావాలి. చేప, గుడ్డు తినేవాళ్లకు కొంత తగ్గొచ్చు, అయినా రెండు కిలోలతో సరిపెట్టే ఇల్లు ఎక్కడుందో చూసుకోవచ్చు.

ఉప్పుకు కూడా ఇదే దారి. నలుగురికి నెలకు కిలో అంటే మనిషికి రోజుకు 8.3 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 5 గ్రాములు. ఎండుచేప, ఊరగాయ, మిక్చరు దీనికి అదనం. బీపీ ఉన్న ఇంట్లో ఈ ఒక్క లెక్క ఏ స్కోరు కంటే విలువైనది. 2019లో లాన్సెట్ ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం, తిండి వల్ల 2017లో సంభవించిన 1.1 కోట్ల మరణాలకు పెద్ద కారణాలుగా చెప్పినవి ఎక్కువ ఉప్పు, తక్కువ ముడిధాన్యం, తక్కువ పండ్లు.

## ఆరోగ్యంతో ముడిపెట్టేటప్పుడు

రక్తహీనతతో ముడి ఎంతో తేలిగ్గా తెగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం ఒడిశాలో 15–49 ఏళ్ల స్త్రీలలో 64.3 శాతానికి రక్తహీనత. దానికి తిండి ఒక్కటే కారణం కాదు. మలేరియా, కొంకిపురుగులు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల వంశపారంపర్య జబ్బు) ఈ కొండ జిల్లాల్లో ఉన్నాయి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ, భోజనంతో టీ తాగితే ఇంకా తక్కువ. కాబట్టి వైవిధ్యం పెరిగినా హిమోగ్లోబిన్ కదలకపోతే పథకం విఫలమైనట్టు కాదు.

షుగర్ దగ్గర చిక్కు వేరు. జబ్బు బయటపడ్డాక జనం అన్నం మానేసి చోడి జావకు మారతారు. ఒకేసారి చేసిన సర్వేలో చోళ్లు తినేవాళ్లకే షుగర్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. షుగర్ ఎప్పుడు తెలిసిందో అడిగి, కొత్తగా తేలినవారిని విడిగా చూడాలి. సికిల్ సెల్ ఉన్నచోట హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) నమ్మకండి, పరగడుపు రక్త పరీక్ష మేలు.

## ఎవరు ఏది తీసుకోవాలి

పెరటితోట, కోళ్ల పెంపకం లాంటి పథకం నడిపే సంస్థ: డీక్యూక్యూ. అందులోంచే ఎండీడీ-డబ్ల్యూ తీసి నిధులిచ్చేవారికి చూపొచ్చు. చిరుధాన్యాల పథకమైతే జీడీక్యూఎస్. ఘనాలకు, శిక్షణకు డబ్బు లేకపోతే డీక్యూక్యూలోని ముడిధాన్యం ప్రశ్నను విడిగా నివేదించండి. పట్టణంలో షుగర్, బీపీ మీద పనిచేసేవారికీ జీడీక్యూఎస్సే, ఉప్పు లెక్క పక్కన పెట్టుకుని. పీజీ విద్యార్థికి ఆరు నెలలే ఉంటే, యాభై అరవైమందికి రెండేసి రోజుల రీకాల్ శ్రద్ధగా చేయడం, మూడువందలమందికి అరకొర ఎఫ్‌ఎఫ్‌క్యూ కంటే నయం. జిల్లా మొత్తానికి శాతం చెప్పే సాహసం మాత్రం ఆ అరవైతో చేయకూడదు.

ఎందరిని అడగాలన్నది: ఒక శాతాన్ని పది పాయింట్ల తేడాలోపు చెప్పడానికి సుమారు 96 మంది చాలు. ఊళ్ల వారీగా ఎంచుకుంటే దానికి రెట్టింపు. అదే 40 శాతం 50కి పెరిగిందని నిరూపించాలంటే విడతకు సుమారు 385 మంది, ఊళ్ల వారీగా అయితే 770. రెండువందల మందితో "మార్పు లేదు" అని తేల్చిన రిపోర్టుల్లో చాలావాటికి మార్పును పట్టుకునే బలమే ఉండదు.

ఇక తేదీలు. సంత మర్నాడే ఊరికి వెళితే చేప, కూరలు ఎక్కువగా రాస్తారు, సంత ముందురోజైతే తక్కువ. వారంలో అన్ని రోజులకూ ఇంటర్వ్యూలు పంచాలి. కార్తీకంలోనూ, మార్గశిర గురువారాల్లోనూ నీచు మానేసే ఇళ్లు చాలా ఉంటాయి, ఆ రోజులు తప్పించండి, లేదా రెండు విడతల్లోనూ ఉంచండి. మామిడి పండే నెలల్లో విటమిన్ ఎ వర్గం దానంతట అదే ఎగురుతుంది, ఆషాఢం నుంచి భాద్రపదం దాకా కొండ ఊళ్లలో గింజలు అడుగంటుతాయి. వైశాఖంలో బేస్‌లైన్, భాద్రపదంలో ఎండ్‌లైన్ పెట్టుకుంటే పథకం ఎంత బాగా నడిచినా అంకె పడిపోతుంది. రెండో విడత కూడా మొదటి విడత నెలలోనే పెట్టుకోవాలి, నిధుల గడువు అడ్డొస్తే గడువు పొడిగించమని ముందే అడగాలి.